వా... టర్

“వా... టర్.”

ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దాయన ఇవాళా వచ్చాడు. కిటికీ పక్క మంచం మీదున్న పేషెంటు అరచెయ్యి పట్టుకుని, ‘వా’కి ఒకసారి, ‘టర్’కి ఒకసారి వేలితో తట్టాడు.

పేషెంటు నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

పక్షవాతం వచ్చి మాట పడిపోయిన దగ్గర్నుంచీ అంతే. ఆకలో, నొప్పో, భయమో, అన్నీ కళ్ళతోనే. ఆ కళ్ళు చదవడం రాక కూతురికి ఏడుపొచ్చేది.

ఇది చాలదన్నట్టు మధ్యలో ఈయనొకడు!

“ఎవరండీ మీరు?” అంది కూతురు.

“వాటర్.”

గ్లాసుతో ఇచ్చింది. తల అడ్డంగా ఊపాడు.

“మరేం కావాలి?”

“వాటర్,” అన్నాడు నవ్వుతూ.

పక్క మంచాల వాళ్ళు కిసుక్కున నవ్వారు. కూతురికి ఒళ్ళు మండిపోయింది.

“మాట రాని మనిషి దగ్గరా మీ వేళాకోళం? మీదాకా వస్తే తెలిసేది!”

పెద్దాయన మొహం పాలిపోయింది. రెండు చేతులూ జోడించాడు.

“వాటర్... వాటర్...”

“ఇంకా అదే కూత!”

వాచ్‌మన్‌ని పిలిచి బయటికి పంపించేసింది. మళ్ళీ లోపలికి రానివ్వొద్దని మరీ మరీ చెప్పింది. తండ్రి చెయ్యి తలుపు వైపు లేచింది. ఆమె దాన్ని దుప్పటి కిందికి సర్దేసింది.

కొన్నాళ్ళకి, మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఆమె అరచేతిలో ఎవరో తట్టారు.

“వా...”

ఉలిక్కిపడి లేచింది.

“...టర్.”

నాన్నే!

ఏడుస్తూ, నవ్వుతూ గ్లాసు అందించింది. ఆయన తాగలేదు. తలుపు వైపే చూస్తూ మళ్ళీ తట్టాడు.

“వా... టర్.”

ఈసారి ఆ కళ్ళు అర్థమయ్యాయి. ఒక్క పరుగున గేటు దగ్గరికి వెళ్ళింది.

“అన్నా, ఆ పెద్దాయన మళ్ళీ వచ్చాడా?”

“రోజూ వచ్చేవాడమ్మా. వాటర్, వాటర్ అని ఒకటే బతిమాలడం. పాపం దాహమేమోనని బాటిల్ నింపిచ్చి పంపేసేవాణ్ణి. ఈమధ్య రావడం మానేశాడు.”

“ఇల్లెక్కడో చెప్పాడా?”

“అడిగా. దానికీ అదే జవాబు.”

సెలవు అయిపోయి అప్పుడే గేట్లోకి వస్తున్న పెద్ద నర్సు ఆగింది.

“ఆయన గురించా? కిందటేడు ఆ కిటికీ పక్క మంచం ఆయనదే. పక్షవాతంతో మాటలన్నీ పోయి, ఎంత తంటాలు పడినా తిరిగొచ్చింది ఆ ఒక్కటేనమ్మా.”