చప్పుడు చెయ్యని మూత

బల్ల మీద వరసగా సీసాలు. ఎదురుగా కుర్చీలో కళ్లకు గంతలు కట్టుకున్న ఒక నడివయసు ఆవిడ.

మద్యం సీసాలకు రూపం దిద్దే ఆ ఆఫీసులో అదొక పద్ధతి. కొత్త సీసా బజారుకు వెళ్లేముందు బయటివాళ్లను పిలిచి, గంతలు కట్టి, సీసాలు తడమమంటారు. చేతికి నచ్చినదాన్ని పైకెత్తాలి.

మిగతావాళ్లు చాలాసేపు తడుముకున్నారు. ఈవిడ చెయ్యి నేరుగా కొత్త సీసా మీదికే పోయింది. మెడ కింద ఉన్న నొక్కులో బొటనవేలు కుదురుకుంది.

అమ్మగారికి చేయి తిరిగినట్టుందే అని వెనక ఎవరో గొణిగారు. నవ్వులు.

డిజైనర్ మురిసిపోయాడు. ఆ నొక్కు అతని ఊహే. లేబులు, దాని చుట్టూ బంగారు గీత, పెట్టె, మూత, అన్నీ అతనివే. ఈ సీసా నెగ్గితే ఆఫీసులో అతని కుర్చీ మారుతుంది.

మూత కూడా తిప్పి చూడమన్నాడు. ఆవిడ సీసాను చెవి దగ్గర పెట్టుకుని తిప్పింది.

"చప్పుడు రాదేం బాబూ?"

"అదేనమ్మా దీని గొప్ప. లోపల మెత్తటి పొర వేశాం. ఇంటాయన ఎప్పుడొచ్చి మూత తీసినా ఇంటావిడకు మెలకువ రాదు."

మళ్లీ నవ్వులు.

"చప్పుడు పెట్టండి," అంది ఆవిడ. "పక్కగదిలో ఉన్నవాళ్లకు తెలియాలి."

"ఏం, ఆడవాళ్లందరి తరఫునా వకాల్తా పుచ్చుకున్నారా?"

"అందరి తరఫునా కాదు. ఒక్కదాని తరఫున."

గంతలు విప్పి అతని ముఖంలోకి చూసింది. అతనేదో అడుగుతాడని ఆగినట్టు ఆగింది. అతను మూత వైపు చూసుకుంటున్నాడు. వచ్చినవాళ్లకు ఇచ్చే గాజు గ్లాసుల పెట్టెను బల్ల మీదే వదిలేసి, గొడుగు తీసుకుని ఆవిడ వెళ్లిపోయింది.

ఆవిడ చెప్పిన మాటను అతను పైవాళ్లకు చెప్పలేదు.

అతను చుక్క ముట్టడు. ఆ సంగతి పదిమందిలో చెప్పుకునేవాడు. కానీ తను రూపం దిద్దిన ప్రతి సీసానూ, గంతల పరీక్షకు ముందే, నింపినవి అరడజను చొప్పున ఇంటికి తెచ్చి కిటికీ పక్క అలమరలో పేర్చేవాడు. ఇంటి వెలుతురులో ఎలా కనబడతాయో చూడాలి మరి. దూరంగా నిలబడి, కళ్లు చికిలించి చూసేవాడు. ఒకసారి పేర్చాక ముట్టుకునేవాడు కాదు.

రోజూ కింది వాటా ముందునుంచే, ఫోనులో లేబుళ్లు చూసుకుంటూ మెట్లెక్కి వచ్చేవాడు. వచ్చేసరికి భార్య గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. నీరసం అనేది. టానిక్కు కొనిచ్చాడు. భర్తగా తన పని అయిపోయిందనుకున్నాడు.

ఒక సెలవు రోజు అలమరలోని కొత్త సీసా ఎండకు తేనెలా మెరిసింది. ఫోటో తీశాడు. ఫ్యాక్టరీలో చూసిన సరుకుకు కూడా ఇంత రంగు లేదనిపించింది. ఆ ఫోటోనే పెట్టె మీదికి ఎక్కించారు.

"ఆ రంగు నచ్చిందా?" అంది భార్య. చాన్నాళ్ల తర్వాత నవ్వింది.

"నచ్చడమేమిటి, అలా కుదరడం కష్టం."

ఆమె ఇంకేదో చెప్పబోయింది. అంతలో ఫోను మోగింది. అతను బయటికి వెళ్లి మాట్లాడుకున్నాడు.

సీసా బజారుకు వెళ్లింది. కుర్చీ మారింది. ఆ నెలలోనే ఆమె కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది.

ఆసుపత్రిలో డాక్టరు, ఆమె ఎన్నాళ్లుగా తాగుతోందని అడిగాడు. తమ ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదని, ఎవరి కాగితాలో చూసి మాట్లాడుతున్నారని అతను గట్టిగానే చెప్పాడు. డాక్టరు వాదించలేదు. కొద్ది రోజులకే వాదించవలసిన అవసరమూ లేకుండా పోయింది.

అంతా అయ్యాక అతను అలమర ముందు నిలబడి ఒక సీసా మూత తిప్పాడు. చప్పుడు లేదు. వాసనా లేదు. నాలుక మీద వేసుకున్నాడు.

పాలు లేని టీ.

ఇంకొకటి తీశాడు. టీ. మరొక దాంట్లో పైన బూజు తేలుతోంది.

పెట్టె మీద, వీధుల్లో హోర్డింగుల మీద మెరుస్తున్నదీ ఆమె కాచిన టీయే.

అప్పటినుంచి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే అతనికి భయం. పక్కగదిలో ఆమె మూత తిప్పుతున్నట్టే ఉండేది. చెవులు రిక్కించేవాడు. ఏమీ వినబడేది కాదు. వినబడకుండా చేసింది తనే.

పలకరింపులకు వచ్చేవాళ్లు తగ్గిపోయాక, వాన కురుస్తున్న ఒక సాయంత్రం ఆ గంతల ఆవిడ గుమ్మంలో నిలబడింది. చేతిలో గొడుగు లేదు. ఒంటి మీద చినుకు తడీ లేదు.

"మా ఇల్లు మీకెలా తెలుసు?" అన్నాడు.

ఆవిడ ఒక తాళంచెవి బల్ల మీద పెట్టింది. అది ఆ ఇంటిదే.

"తనే ఇచ్చింది. మధ్యాహ్నాలు వచ్చేదాన్ని. కింద పడి ఉంటే లేపి, మొహం కడిగి, మీరు వచ్చేలోపల గోడవైపు తిప్పి పడుకోబెట్టేదాన్ని. తన చేతిలోంచి ఆ సీసా ఎన్నిసార్లు గుంజుకున్నానో. ఆ నొక్కు నాకు తెలియకుండా ఎలా ఉంటుంది?"

"నాతో ఒక్క మాట చెప్పాల్సింది."

"చెప్పనని ఒట్టు వేయించుకుంది. అందుకే మీ ఆఫీసుకు వచ్చి, చెప్పగలిగినంత చెప్పాను."

అతను తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు. ఆ తర్వాత, రోజూ ఎక్కడినుంచి వచ్చేవారని అడిగాడు.

ఆవిడ ఆనాడు ఆఫీసులో చూసినట్టే అతని ముఖంలోకి చూసి, మెట్లు దిగింది.

వీధి తలుపు చప్పుడు కోసం అతను చెవులు రిక్కించాడు. అది రాలేదు. సరిగ్గా అతని కాళ్ల కిందున్న వాటా తలుపు తెరుచుకుని, మళ్లీ గడియ పడింది.