పల్లపు పొలం

డేనియల్ అనేవాడు కనిపిస్తే చొక్కా పట్టుకోవాలని మదార్ సాహెబ్ రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. ఆ రోజు బెంజ్ సర్కిల్ బస్టాపులో కనిపించాడు. పట్టుకున్నాడు.

"గుర్తున్నానా? నీ మాట విని పొలం అమ్ముకోని వెధవని."

"ఎందుకు గుర్తులేరు సాయిబు గారూ. కూర్చోండి, మాట్లాడుకుందాం."

బెంచీ మీద భార్య అన్వరీ కూర్చుని ఉంది. వారానికి రెండుసార్లు ఆమెకి డయాలసిస్. ఊరి నుంచి రెండు బస్సులు మారి రావాలి. పొలం అమ్మి ఆసుపత్రి పక్కనే ఇల్లు కొనుక్కుందామనుకున్నారు ఒకప్పుడు.

రెండేళ్ళ కిందట రోబోలు తయారుచేసే కంపెనీ ఒకటి, బుడమేరు వాగు వారనున్న ఆ పొలానికి ఆరు కోట్ల నలభై అయిదు లక్షలు ఇస్తానంది. "వానలకి నీళ్ళొస్తాయా?" అని అడిగారు కంపెనీవాళ్ళు. "చుక్క నిలవదండీ," అన్నాడు మదార్ సాహెబ్. పల్లపు పొలం అమ్ముకునేవాడు ఎవడైనా ఆ మాటే అంటాడు.

రిజిస్ట్రేషన్ రెండు రోజులుందనగా డేనియల్ దిగాడు. యాభై ఏళ్ళ అవతల నుంచి వచ్చానన్నాడు. ఆ కంపెనీ యంత్రాలు మనుషుల మీద తిరగబడతాయని, ఊళ్ళకి ఊళ్ళు తగలబెడతాయని చెప్పాడు. మదార్ సాహెబ్ నవ్వాడు.

"రేపు పదకొండింటికి మీ మోటారు కాలిపోద్ది. చూసుకోండి."

కాలిపోయింది.

ఏడో తరగతితో బడి మానేసినా మదార్ సాహెబ్ బుర్ర తక్కువవాడేం కాదు. అడగాల్సినవన్నీ అడిగాడు.

"వాటిని కనిపెట్టినవాణ్ణే చంపెయ్యొచ్చుగా?"

"ఒకడు పోతే ఇంకొకడొస్తాడండీ."

"మరి నేను అమ్మకపోతే ఇంకోచోట కట్టుకోరా?"

"మీరైతే అమ్మకండి. మిగతాది నేను చూసుకుంటాను."

"లోకం సంగతి లోకం చూసుకుంటది, ముందు నన్ను చూడండి," అని అన్వరీ ఏడ్చింది. అయినా మదార్ సాహెబ్ సంతకం పెట్టలేదు. కంపెనీ హనుమాన్ జంక్షన్ దగ్గర మెరక చూసుకుని నిక్షేపంగా కట్టుకుంది.

"ఏం చూసుకున్నావయ్యా నువ్వు?" అని ఇప్పుడు నిలదీశాడు మదార్ సాహెబ్. "నిరుడు బుడమేరు పొంగి నా పొలంలో నిలువెత్తు నీళ్ళు. వరి మొత్తం కుళ్ళిపోయింది. ఇప్పుడు ఊరికే ఇస్తానన్నా కొనేవాడు లేడు. వాళ్ళకేమో గేటు కూడా తడవలేదు."

అన్వరీ అందుకుంది. "ఈయన లోకాన్ని కాపాడాడు నాయనా. నాకు బస్సులో సీటు పట్టలేకపోయాడు."

డేనియల్ చొక్కా విడిపించుకోలేదు. రెండు చేతులూ జోడించి మదార్ సాహెబ్‌కి దండం పెట్టాడు.

"మీరు పొలం అమ్మేసిన కిందటిసారి మమ్మల్ని తయారుచేసింది మీ నాలుగెకరాల ముప్పై సెంట్లలోనేనండీ, ఆ వరదలో మావాళ్ళందరూ మునిగిపోగా మిగిలింది నేనొక్కణ్ణే."