గాజుకి కనబడని నిప్పు

ఆ రోజుల్లో కడుపుతో ఉన్న ప్రతి ఆడదాని చేతికీ సర్కారు గాజు ఉండేది. రోజూ నెత్తురు చూసి బిడ్డ ఎలా ఉందో చెప్పేది. ఒడ్డున చేపలు ఏరుతున్న పైడమ్మ గాజు ఆ పొద్దు ఎర్రబడి, పలికింది.

"బిడ్డకు లోపం ఉండొచ్చు. రేపు కడుపులోకి సూది వేసి చూడాలి."

ఆ సూదికి ఒక్కోసారి కడుపే పోతుంది. పైడమ్మకి ముందే రెండు పోయాయి.

గాజు పంపిన కబురందుకుని నర్సు దమయంతి పరిగెత్తుకొచ్చింది. "చుట్ట కాలుస్తున్నావా పైడమ్మా? పొగకి నెత్తురులో అంకెలు మారతాయి. అది తెలీకపోతే గాజు లెక్క తప్పుతుంది."

పెదాల దగ్గర నిప్పు కనబడితేనే గాజు పొగ అని రాసుకుంటుంది. సముద్రపు గాలికి ఆరకుండా నిప్పుని నోట్లోపల పెట్టి అడ్డపొగ కాల్చే ఆడవాళ్లు ఉన్నారని ఆ గాజుని చేసిన పట్నపు మేధావులకి ఏం తెలుసు?

"ఒప్పుకోకే!" పక్కనే చేపలేరుతున్న అత్త తవిటమ్మ పైడమ్మ చెయ్యి పట్టుకుంది. "పొగ తాగినోళ్లని కానుపుదాకా శిబిరంలో పడేస్తారు. వాంతులు ఆగుతాయని నానే కదే కాల్పించాను!"

"మరి బిడ్డని సూదికి ఇచ్చీమంటావా అత్తా?"

పైడమ్మ గాజుని నోటి దగ్గరకి తెచ్చుకుంది. "రాసుకో. రోజుకి నాలుగు చుట్టలు. నిప్పు లోపలికి పెట్టి."

గాజు ఎరుపు పోయి మళ్లీ పలికింది.

"లెక్క సరిచేశాం. సూది అక్కర్లేదు. పొగ మానకపోతే బిడ్డ ఎదగదు. శిబిరం బండి బయలుదేరింది."

తవిటమ్మ గొల్లుమంది. పైడమ్మ పొట్ట మీద చెయ్యేసుకుంది.

"రానీ అత్తా. ఇద్దరం ఎక్కుతాం."