ఖాళీ కొక్కెం

మా ఊళ్లో చూడ్డానికి ఉన్నదల్లా ఒక పాత బొగ్గుగని. లోపలికి దిగేవాళ్లు బోర్డు మీంచి ఇత్తడి బిళ్ల తీసుకెళ్లాలి, పైకొచ్చాక దాన్ని మళ్లీ అదే కొక్కేనికి తగిలించాలి. గనివాళ్ల నాటి ఆ పద్ధతినే ఇప్పుడు చూడ్డానికొచ్చేవాళ్ల చేత పాటింపజేస్తాం. మా ముత్తాత ఆండ్రేయ్ కొక్కెం మాత్రం ఎవరికీ ఇవ్వం, ఖాళీగానే ఉంచుతాం. పేలుడు జరిగిన రోజు ఆయన బిళ్లతో దిగాడు, తిరిగి రాలేదు.

చీకటి పడ్డాక గేటు వేయబోతూ చూస్తే ఆ కొక్కేనికి బిళ్ల వేలాడుతోంది. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది.

"ఎమ్మెట్, నీ వేళాకోళమేనా ఇది?" అన్నాను.

దీపాలు ఆర్పుతున్న ముసలి కాపలాదారు ఎమ్మెట్ వచ్చి చూశాడు. "పోయినోళ్లతో నాకు వేళాకోళమేంటమ్మాయ్? భయపెట్టడానికి మా ఆవిడ చాలదా?" అన్నాడు. నవ్వబోయి మానేశాడు. "బిళ్ల తగిలించాడంటే పైకొచ్చినట్టేగా. పైకొచ్చినోడు ఎక్కడికి పోతాడు?"

ఇంటికే పోతాడు. ఆయన కట్టిన ఇంట్లోనే మేముంటున్నాం. ఇప్పుడక్కడ నా కూతురు జోసీ ఒక్కతే ఉంది. ఇంటికి ఫోన్ చేశాను.

"జోసీ, వెంటనే బయటికొచ్చి పక్కింటికి వెళ్లు."

"ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నావమ్మా?" అంది అయోమయంగా. "కింద మన నేలమాళిగలో, గని నుంచి వచ్చినవాళ్లు మసి కడుక్కునే పాత కుళాయి దగ్గర ఉన్నది నువ్వు కాదా?"

నీళ్ల చప్పుడు నాకూ వినిపిస్తోంది. అంతలో ఎవరో కుళాయి కట్టేశారు.