పరీక్షకు దొరికిన పన్ను

"సూది ఎక్కడ దించుతావు?" అడిగాడు ఎగ్జామినర్.

"దవడ లోపలి వైపు, నాలుక నరానికి కాస్త వెనక సార్. కింది పళ్ల నరం అక్కడే ఎముకలోకి దిగుతుంది."

"పంటికి మత్తిస్తే పెదవెందుకు మొద్దుబారుతుంది?"

"ఆ నరం కొమ్మే గడ్డం దగ్గర బయటికొస్తుంది సార్."

అమ్మాయి గడగడా చెప్పేస్తోంది. ముఖంలోని నరాలన్నీ ఆమెకు కొట్టిన పిండి. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న డెంటల్ కాలేజీ వాచ్‌మన్, సొంత కూతురే పాసవుతున్నంత సంబరంగా కళ్లతోనే నవ్వాడు. ఆ నవ్వు చూడలేక ఆమె తల తిప్పుకుంది.

"బాగుంది. మరి ఈ పన్ను ఎందుకు తీస్తున్నావు?"

'పుచ్చు వేరుదాకా దిగింది' అని కేసు షీటు మీద తన చేత్తోనే రాసింది. నిజానికి దిగలేదు. చిన్న గుంట, సిమెంటు నింపితే ఇంకో పదేళ్లు నమిలే పన్ను. కానీ ఈ పరీక్షకు రోగిని ఎవరికి వారే వెతికి తెచ్చుకోవాలి. తీయాల్సిన పన్ను ఊరంతా తిరిగినా దొరక్క, నిన్న గేటు దగ్గర ఇతని నోరు తెరిపించి చూసి అబద్ధమాడింది. "నువ్వు చెప్పాక ఇంకేముందమ్మా, తీసెయ్," అన్నాడతను. అప్పట్నుంచీ ఆమెకు తిండి సయించలేదు.

"నిన్నేనమ్మా, చెప్పు." ఎగ్జామినర్ గడియారం చూసుకున్నాడు.

ఆమె సిరంజి ట్రేలో పెట్టేసింది.

"తీయక్కర్లేదు సార్. రోగి దొరక్క అబద్ధం చెప్పాను. తప్పయిపోయింది బాబాయ్, క్షమించు."

"పరీక్ష పోతుంది, తెలుసా?"

"తెలుసు సార్."

వాచ్‌మన్ గాభరాగా లేచి కూర్చున్నాడు. "అయ్యో, ఒక్క పన్ను కోసం పిల్లని తప్పిస్తారా బాబూ? తీసుకోనివ్వండి. నాకిదేం కొత్తా? ఆ పక్కదీ ఇలాగే పాతికేళ్ల కిందట, ఇదే గదిలో, పరీక్షకే ఇచ్చాను. పూర్తిగా పుచ్చిపోయిందన్నాడు ఆ అబ్బాయి. తీరా లాగబోతే ఎంతకీ రాదే! పాపం, చెమటలు కారిపోయాయి."

ఎగ్జామినర్ చిన్న అద్దం పెట్టి ఆ ఖాళీ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మాస్కు కిందికి లాగాడు.

"అది పుచ్చలేదన్నా. ఆ రోజు నేనూ అబద్ధమే చెప్పాను."