నూకయ్య గారి రెన్యువల్

“లూకాగారి ఇల్లు ఇదేనా అమ్మా?”

ఊళ్లో ఆ చివరున్న ట్రాఫిక్ కాలనీ నుంచి ఈ ఖరిదా పేట దాకా టోటో అనే బ్యాటరీ రిక్షాలో వచ్చిన అప్పలకొండ చీరకొంగుతో ముఖం తుడుచుకుంటూ అడిగింది.

“ఇదే. నేను ఆయన భార్యని, ఏంజలిన్‌ని” అంది తలుపు తీసిన పెద్దావిడ. “ఆయన లేరమ్మా.”

“పర్లేదు, కూకుంటాను. ఇయాళ మాటాడకపోతే మా ఆయన పేరు గ్రూపులోంచి తీసీస్తారు.”

రిటైరైన రైల్వేవాళ్ల ఆన్‌లైన్ బృందం అది. ఆద్రా, చక్రధర్‌పూర్, వాల్తేరు, ఎక్కడెక్కడివాళ్లో ఉన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. పొద్దస్తమానం పాత ఇంజన్ల కబుర్లే. అడ్మిన్ లూకా మహా ఖచ్చితం. ఏటా సభ్యత్వం పొడిగించుకోవాలి, మరిచిపోయినవాళ్లను మొహమాటం లేకుండా తీసేస్తారు. మొన్నామధ్య మోకాళ్ల నూనె అమ్మేవాడొకడు దొంగపేరుతో దూరాడు. దాంతో సభ్యులంతా గోలపెట్టి కొత్త నిబంధన తెచ్చారు. ఈసారి ఎవరికి వాళ్లు సొంత గొంతుతో మాట్లాడి అడ్మిన్‌కి పంపాలి. అందరూ పంపారు, అప్పలకొండ భర్త నూకయ్య తప్ప. గడువు ఈరోజుతో సరి.

“నూకయ్యగారికి ఒంట్లో బాగోలేదా?” అడిగింది ఏంజలిన్.

అప్పలకొండ తల దించుకుంది.

“నిరుడే పోయినారమ్మా. అప్పట్నించీ ఆయన పేరున నేనే రాస్తన్నాను. తప్పేనని తెల్సు. కానీ పొద్దున్నే ‘నూకయ్యగారూ, చాయ్ తాగినారా?’ అని లూకాగారు పెడతారు. ఆ పేరెట్టి పిలిసేవోళ్లు ఇంకెవరున్నారు సెప్పండి?”

“అయితే డీజిల్ ఇంజన్‌కి ప్రాణం లేదని మొన్న పోట్లాడింది నువ్వేనా?”

“నేనే. ఆయన అంటుండగా ఇన్న మాటలే రాసినాను. లూకాగారికి కోపమొచ్చినాదా?”

“రాదా మరి!” ఏంజలిన్ పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది.

ఆ నవ్వు చూసి అప్పలకొండకు ధైర్యం వచ్చింది.

“ఆసుపత్రిలో ఊపిరాడకపోయినా మా ఆయన ఫోను ఒదల్లేదమ్మా. ‘లూకా ఏటి రాసినాడో సదువే’ అనేవోరు. ఓ దినం లూకాగారు ‘ఆవిరి తగ్గినా పర్లేదు, విజిల్ మాత్రం ఆపకండి’ అని పెట్టినారు. అది సదివితే పకపకా నవ్వినారు. నవ్వడం అదే ఆకరు. పేరు ఉంచినా తీసీసినా లూకాగారి ఇష్టం. ఆ మనిసికి ఓ దండం ఎట్టి పోదామని వొచ్చినాను.”

ఏంజలిన్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. తర్వాత లోపలికి వెళ్లి ఫోను తెచ్చుకుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఏదో నొక్కింది.

అప్పలకొండ ఫోను మోగింది.

‘నూకయ్యగారి సభ్యత్వం మరో ఏడాది పొడిగించడమైనది. ఇట్లు, లూకా, అడ్మిన్.’

అప్పలకొండ కంగారుపడి లేచింది.

“అయ్యో, ఆయన్ని అడక్కుండా మీరే నొక్కీసినారా? వొచ్చినాక మిమ్మల్ని తిడతారేమో!”

ఏంజలిన్ ఆమె చెయ్యి పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టింది.

“ఆయన పోయి నాలుగేళ్లయిందమ్మా.”