పంతొమ్మిది వందల సైటేషన్లు

"ఎవడో కుళ్లుకుని చచ్చాడమ్మా!" డైరెక్టర్ ఫిర్యాదు ఉత్తరాన్ని ప్రొఫెసరమ్మ ముందు విసిరేశారు. రాసినవాళ్ల పేరును, ఆమె పరిశోధన అచ్చువేసిన సైన్సు పత్రికవాళ్లు కొట్టేసి పంపారు.

"మీ పేపరుకి పంతొమ్మిది వందల సైటేషన్లు! కెమిస్ట్రీవాళ్లూ ఇంజనీర్లూ తమ పేపర్లలో ఎగబడి ఉదహరించారు. అదంతా తప్పట! మురికినీళ్లని శుభ్రం చేసింది మీ కొత్త పొడి కాదట. నీళ్లని కలపడానికి ఫ్లాస్కులో తిరిగే అయస్కాంతానికి పాత ప్రయోగాల్లో అంటుకున్న లోహమట!"

"కొత్త అయస్కాంతం వేసి మళ్లీ చేస్తే తేలిపోతుంది సార్."

"ఏం తేల్చక్కర్లేదు! ఎల్లుండే మీకు అవార్డు. వీడి నోరు నేను మూయిస్తా."

"మీ తరం కాదు సార్."

ఆమె కోటు జేబులోంచి కొత్త అయస్కాంతం తీసి ఉత్తరం మీద పెట్టింది.

"నేను తేల్చేశాను. ఈ ఉత్తరం రాసింది నేనే. అచ్చువేసేటప్పుడు మాత్రం నా పేరు కొట్టెయ్యొద్దని చెప్పండి."